ఇంట బొటాబొటీగా గెలిస్తే రచ్చ ఓడినట్టేనా?

నేను జీవితంలో కట్టిన ఒకే ఒక్క పందెం ఖరీదు ఆరు బిర్యానీలు, రెండు పెద్ద థమ్సప్ సీసాలు. ఆ పందెం ఎందుకు ఓడిపోయానో పూర్తిగా అర్థమవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అర్థమయ్యాక ఊరికే ఉండబుద్ధి కాలేదు. అందుకే ఈ వ్యాసం.

2024 ఏప్రిల్ ఆఖరి వారం. అప్పుడు మేం సెకండియర్. మా రూమ్‌లో ఒక వైట్‌బోర్డు ఉండేది. మామూలుగా దాని మీద ఎవరు ఎవరికి ఎంత బాకీయో రాసుకునేవాళ్లం. ఆ రాత్రి నేను బాకీల లిస్టు తుడిచేసి (అప్పులిచ్చినవాడు ఇప్పటికీ నన్ను క్షమించలేదు) మూడు లైన్లు రాశాను:

2020 నవంబరు, పెన్సిల్వేనియా: బైడెన్ మెజారిటీ సుమారు 80 వేలు.
2024 ఏప్రిల్, పెన్సిల్వేనియా రిపబ్లికన్ ప్రైమరీ: నిక్కీ హేలీకి లక్షన్నర పైనే.
కాబట్టి: పెన్సిల్వేనియాలో ట్రంప్ ఔట్.

నిక్కీ హేలీ అప్పటికి ఏడు వారాల క్రితమే పోటీ నుంచి తప్పుకున్నారు. బ్యాలెట్ మీద పేరు మాత్రం మిగిలింది. పోటీలో లేని మనిషికి సొంత పార్టీలో లక్షన్నర ఓట్లు పడ్డాయంటే ముందున్న అభ్యర్థి మీద ఎంత కోపం ఉండాలి? ఆ లక్షన్నర మంది నవంబరులో ఇంట్లో కూర్చుంటే చాలు, 80 వేల తేడా ఇంకా పెరుగుతుంది. "మామా, ఇది ఐదో క్లాసు లెక్క" అన్నాను. రూమ్‌లో మిగతా ఐదుగురూ ఒప్పుకోలేదు. పందెం కట్టాను.

మాకెందుకురా అమెరికా గొడవ అనుకోకండి. ఆ రూమ్‌లో నలుగురు జీఆర్ఈ పుస్తకాలు కొన్నవాళ్లే. ఎఫ్1 వీసా, ఓపీటీ, హెచ్1బీ అన్న మూడు మాటలు మా అమ్మానాన్నలకి కూడా కంఠతా వచ్చు. మా పెద్దమ్మ కూతురు పిట్స్‌బర్గ్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. తనకి అక్కడ ఓటు లేదు, కానీ ఓటున్నవాళ్ల కంటే ఎక్కువ టెన్షన్ తనకే.

నవంబరులో ట్రంప్ పెన్సిల్వేనియాని 1 లక్షా 20 వేల ఓట్ల తేడాతో గెలిచారు. ఆదివారం బిర్యానీలు నేను తెచ్చాను. ఎవరు గెలవాల్సింది, ఎవరు ఓడాల్సింది అన్నది ఇక్కడ నా గొడవ కాదు. నా లెక్కలో కూడికలు, తీసివేతలు తప్పు పోలేదు. మరి ఎక్కడ తప్పింది?

ముందు ప్రైమరీ అంటే ఏంటో

మన దగ్గర పార్టీ పెద్దలు బీ-ఫారం ఎవరి చేతిలో పెడితే వాళ్లే అభ్యర్థి. రానివాళ్లు ఏడ్చి ఊరుకుంటారు, లేదా రెబెల్‌గా నామినేషన్ వేస్తారు. అమెరికాలో ఆ బీ-ఫారం ఎవరికివ్వాలో ఓటర్లే తేలుస్తారు. దానికోసం పార్టీ లోపల జరిగే ఎన్నికే ప్రైమరీ. అధ్యక్ష పదవికైతే ఇది ఒక్కరోజులో అయిపోదు. జనవరి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రాష్ట్రం తర్వాత రాష్ట్రం నడుస్తుంది. చాలా ఏళ్లుగా అయోవా, న్యూ హాంప్‌షైర్ అనే రెండు చిన్న రాష్ట్రాలు అందరికంటే ముందు ఓటేస్తూ వచ్చాయి కాబట్టి, జనాభాతో పోలిస్తే వాటికి దక్కే ప్రచారం చాలా ఎక్కువ.

మనవాళ్లు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ప్రైమరీ ఇంటి పోటీ, నవంబరు ఎన్నిక రచ్చ. ఇంట్లోనే అత్తెసరు మార్కులతో బయటపడ్డవాడు రచ్చలో ఏం గెలుస్తాడన్నది నాలాంటివాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ అభ్యర్థి పార్టీ టికెట్ దక్కించుకుంటాడా అన్నది ఒకటి. దక్కించుకున్నాక నవంబరులో గెలుస్తాడా అన్నది ఇంకొకటి. మొదటిదానికి పనికొచ్చే ఆధారం రెండోదానికి పనికిరాకపోవచ్చు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఎంతమందిలో గెలిచారు?

మా మెస్‌లో ఆదివారం మెనూకి ఓటింగ్ పెట్టారనుకోండి. చికెన్ బిర్యానీ, చికెన్ ఫ్రై, చికెన్ కర్రీ, ఎగ్ బిర్యానీ పోటీలో ఉన్నాయి. బిర్యానీ 32 శాతంతో, ఫ్రై మీద రెండే శాతం తేడాతో గట్టెక్కింది. అంటే మిగతా 68 శాతం మంది ఆదివారం పస్తుంటారా? ఆ మర్నాడు బిర్యానీకి, సొరకాయ కూరకి మధ్య ఓటింగ్ పెట్టి చూడండి. ఫ్రై వాళ్లూ కర్రీ వాళ్లూ అందరూ ఒక్కటైపోతారు.

దీనికి మనకి బాగా దగ్గరి ఉదాహరణలు రెండున్నాయి. రెంటిలోనూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్లున్నారు.

మొదటిది మేరీలాండ్, 2022. గవర్నర్ పదవికి డెమొక్రటిక్ ప్రైమరీలో పదిమంది దాకా పోటీ చేశారు. వెస్ మూర్ గెలిచారు. ఆయనకొచ్చింది 32 శాతం, రెండోస్థానంలో ఉన్న టామ్ పెరెజ్‌కి 30 శాతం. ఆయనతో కలిసి లెఫ్టినెంట్ గవర్నర్‌గా పోటీ చేసినావిడ అరుణా మిల్లర్. హైదరాబాద్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లి, సివిల్ ఇంజనీరింగ్ చదివి, మాంట్‌గోమరీ కౌంటీలో రోడ్లూ రవాణా చూసే ఇంజనీరుగా ఏళ్ల తరబడి పనిచేశారు. (సివిల్ బ్రాంచి మిత్రులు కాలర్ ఎగరేసుకోవచ్చు.) ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది వేరేవాళ్లకి వేశారు కదా, జోడీ బలహీనం అనొచ్చా? నవంబరులో వాళ్లకి 64 శాతం పైన వచ్చింది, ప్రత్యర్థికి అందులో సగం.

రెండోది వర్జీనియా, 2025. లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమొక్రటిక్ ప్రైమరీలో ఆరుగురు. గజాలా హష్మీ 27 శాతం పైచిలుకుతో గెలిచారు. రెండోస్థానానికి, ఆమెకి తేడా ఒక్క శాతం లోపే. మూడోస్థానం కూడా 26 దగ్గరే ఉంది. ఈవిడా హైదరాబాద్‌లో పుట్టినవారే. అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, చాలా ఏళ్లు కాలేజీల్లో పాఠాలు చెప్పారు. (ఇది మన క్లబ్బు కోటా.) నవంబరులో 55 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు.

ఇక్కడ ఒక చిన్న పోలిక ఉంది. అదే రోజు అదే పార్టీ తరఫున గవర్నర్‌గా గెలిచిన అబిగెయిల్ స్పాన్‌బర్గర్‌కి ప్రైమరీలో పోటీయే లేదు. ఆమెకి వచ్చింది 57 శాతం చిల్లర. ఒకరు ఇంట్లో పోటీ లేకుండా వచ్చారు, ఇంకొకరు ముగ్గురు దాదాపు సమానంగా పెనుగులాడితే వెంట్రుకవాసిలో బయటపడి వచ్చారు. రచ్చలో తేడా రెండు శాతం అటూ ఇటూ. ఆ రెండు శాతానికి కూడా ప్రైమరీయే కారణమని చెప్పలేం, పదవులు వేరు, ప్రత్యర్థులు వేరు.

అయితే దీన్ని అటువైపు కూడా సాగదీయకూడదు. మేరీలాండ్ డెమొక్రాట్లకి బాగా అనుకూలమైన రాష్ట్రం. ప్రైమరీ తేడా ఎంతున్నా నవంబరులో గెలిచే అవకాశం ముందే ఎక్కువ. అంటే నవంబరు ఫలితాన్ని తేల్చింది రాష్ట్రం మొగ్గు, అప్పటి గాలి, ఎదుటి అభ్యర్థి. ప్రైమరీ తేడా ఈ లెక్కలో పెద్దగా లేదు.

ఎంత వస్తుందనుకున్నారు?

మా క్లాస్ టాపర్‌కి సెమ్‌లో 7.8 వస్తే హాస్టలంతా పరామర్శకి వెళ్తుంది. నాకు 7.8 వస్తే పార్టీ అడుగుతారు. అంకె ఒకటే, అంచనాలు వేరు. ప్రైమరీల్లో ఈ అంచనాల ఆటకి పెద్ద చరిత్రే ఉంది.

1968 మార్చి, న్యూ హాంప్‌షైర్. లిండన్ జాన్సన్ సిట్టింగ్ అధ్యక్షుడు. బ్యాలెట్ మీద ఆయన పేరు కూడా లేదు, అభిమానులు చేత్తో రాసి వేశారు. అలా వేసిన ఓట్లతోనే దాదాపు 50 శాతం తెచ్చుకుని గెలిచారు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా నిలబడ్డ సెనేటర్ యూజీన్ మెకార్తీకి 42 శాతం. లెక్క ప్రకారం జాన్సన్ గెలుపు. కానీ దేశమంతా దాన్ని ఓటమిగానే చదివింది. నాలుగు రోజుల్లో రాబర్ట్ కెన్నెడీ కూడా పోటీలోకి దిగారు. ఆ నెలాఖరుకి జాన్సన్ టీవీలో కనబడి, నేను మళ్లీ పోటీ చెయ్యను అని చెప్పేశారు.

1972లో అదే న్యూ హాంప్‌షైర్‌లో ఎడ్మండ్ మస్కీ ముందంజలో ఉన్న అభ్యర్థి. పక్క రాష్ట్రం మెయిన్ ఆయన సొంతది. 46 శాతంతో గెలిచారు, జార్జ్ మెక్‌గవర్న్‌కి 37 శాతం. తొమ్మిది శాతం తేడా అంటే మామూలుగా మంచి గెలుపే. కానీ పక్కింటివాడికి సగం కూడా రాలేదేంటి అన్నారు. చివరికి టికెట్ మెక్‌గవర్న్‌కే పోయింది.

దీనికి తలకిందులుగా 1992. బిల్ క్లింటన్ న్యూ హాంప్‌షైర్‌లో ఓడిపోయారు. పాల్ సాంగస్‌కి 33 శాతం, ఈయనకి 25. కానీ అంతకుముందు కొన్ని వారాలుగా వివాదాల్లో మునిగి ఉన్నారు కాబట్టి, రెండోస్థానమే గొప్ప అన్నట్టు ఆ రాత్రి తనని తాను 'కమ్‌బ్యాక్ కిడ్' అని పిలుచుకున్నారు. అధ్యక్షుడయ్యారు కూడా.

గెలిచినవాళ్లు ఓడినట్టూ, ఓడినవాడు గెలిచినట్టూ ఎలా అయ్యారు? ఇందులో మాయ ఏం లేదు. ప్రైమరీలు వరుసగా జరుగుతాయి కాబట్టి ఒక రాష్ట్రం ఫలితం తర్వాతి రాష్ట్రంలో విరాళాలిచ్చేవాళ్లనీ, వాలంటీర్లనీ, పోటీకి దిగాలా వద్దా అని ఊగుతున్న నాయకులనీ కదిలిస్తుంది. 'ఈయన అనుకున్నంత గట్టోడు కాదు' అన్న వార్త పుట్టిందంటే, ఆ వార్తే ఆయన్ని బలహీనపరుస్తుంది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇది ఫీడ్‌బ్యాక్ లూప్. కాబట్టి టికెట్ దక్కుతుందా అన్న మొదటి ప్రశ్నకి తక్కువ తేడా గెలుపు నిజంగానే ముఖ్యం. రెండో ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

జ్వరమూ, థర్మామీటరూ

రెండో ప్రశ్నలో నా వాదనకి బలమిచ్చే చరిత్ర లేకపోలేదు. సిట్టింగ్ అధ్యక్షులకి ఇంట్లోనే గట్టి పోటీ వచ్చిన సందర్భాలు చూడండి.

1976లో జెరాల్డ్ ఫోర్డ్ న్యూ హాంప్‌షైర్‌లో రొనాల్డ్ రీగన్ మీద ఒకటిన్నర శాతం లోపు తేడాతో గెలిచారు. నవంబరులో ఓడిపోయారు. 1980లో జిమ్మీ కార్టర్‌కి ఎడ్వర్డ్ కెన్నెడీ ఎదురు నిలిచి న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి పెద్ద రాష్ట్రాలు గెలుచుకున్నారు. నవంబరులో కార్టర్ ఓడిపోయారు. 1992లో సీనియర్ జార్జ్ బుష్‌కి న్యూ హాంప్‌షైర్‌లో 53 శాతమే వచ్చి, పాట్రిక్ బుకానన్ అనే వ్యాఖ్యాతకి 37 శాతం పోయింది. నవంబరులో బుష్ ఓడిపోయారు. జాన్సన్‌ని కూడా కలిపితే నాలుగుకి నాలుగు.

దీన్ని చూసి పందెం కట్టబుద్ధి కావడం సహజం. కానీ ఏది కారణం, ఏది లక్షణం? ఫోర్డ్ మీద నిక్సన్‌ని క్షమించిన మచ్చ ఉంది. కార్టర్ కాలంలో ధరలు మండిపోతున్నాయి, టెహ్రాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్నారు. బుష్ కొత్త పన్నులు వెయ్యనని మాటిచ్చి తప్పారు, మాంద్యం కూడా తోడైంది. ఇంట్లో పోటీకి దిగినవాళ్లు ఈ కోపం చూసే దిగారు. నవంబరులో ఓటర్లు ఓడించిందీ చాలావరకు ఈ కోపంతోనే. జ్వరం ఒంట్లో ఉంది, థర్మామీటరు చూపించింది. థర్మామీటరు వల్ల జ్వరం రాలేదు.

సరే, చూపించినా చాలు కదా, పందెం కట్టేవాడికి కారణంతో పనేంటి అంటారా? అక్కడే ఇంకో చిక్కు. ఈ థర్మామీటరు నార్మల్ చూపించినప్పుడు కూడా రోగి పడిపోయిన సందర్భాలున్నాయి. 2020లో ట్రంప్‌కి సొంత పార్టీ ప్రైమరీల్లో 90 శాతం పైన వచ్చాయి. నవంబరులో ఓడిపోయారు. 2024లో బైడెన్ సౌత్ కరోలినా ప్రైమరీని 96 శాతంతో గెలిచారు. జులై 21కి పోటీ నుంచే తప్పుకున్నారు. అంటే ఘన విజయం కూడా బలానికి గ్యారంటీ కాదు. చాలాసార్లు గట్టివాళ్లెవరూ ఎదురు నిలబడలేదన్న సంగతి మాత్రమే అది చెప్తుంది.

పైగా ఆ నలుగురూ సిట్టింగ్ అధ్యక్షులు. సిట్టింగ్ వాళ్లకి ఇంట్లో పోటీ రావడమే అసాధారణం కాబట్టి అది వార్త. ఖాళీ సీటుకి పోటీ రావడం సహజం. 2008లో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ జూన్ దాకా కొట్టుకున్నారు. మొత్తం ఓట్లు దాదాపు చెరిసగం. హిల్లరీ అభిమానులు చాలామంది ఒబామాకి చచ్చినా వెయ్యం అన్నారు. నవంబరుకి ఎక్కువమంది వచ్చి వేశారు. ఒబామాకి 365 ఎలక్టోరల్ ఓట్లు. జూన్‌లో ఉన్న అలక నవంబరు దాకా ఉండాలన్న రూలేం లేదు. మన ఇళ్లల్లో పెళ్లి పందిట్లో అలిగిన మేనమామ భోజనాల వేళకి మెత్తబడతాడు కదా, అలాగే.

విస్కాన్సిన్ చిక్కు

ఒక మిత్రుడు ఈ వ్యాసం డ్రాఫ్టు చదివి అడ్డం తిరిగాడు. "2016 సంగతేంటి? హిల్లరీ అయోవాలో 0.2 శాతంతో గట్టెక్కింది. మిషిగన్‌లో, విస్కాన్సిన్‌లో బెర్నీ శాండర్స్ చేతిలో ఓడింది. నవంబరులో ఆ రెండు రాష్ట్రాలూ ఆమె చేజారాయి. ఇది సంకేతం కాదా?"

మంచి ప్రశ్న. విస్కాన్సిన్‌లో ఆమె 22,748 ఓట్లతో ఓడిపోయారు. కానీ అదే రాష్ట్రంలో అదే రోజు, 2016 ఏప్రిల్ 5న, రిపబ్లికన్ ప్రైమరీ కూడా జరిగింది. అక్కడ ఎవరు గెలిచారో తెలుసా? టెడ్ క్రూజ్. 48 శాతంతో. ట్రంప్‌కి వచ్చింది 35. అంటే నవంబరులో విస్కాన్సిన్‌లో తలపడ్డ ఇద్దరూ అక్కడి ప్రైమరీలో ఓడిపోయినవాళ్లే. 'ఇంట ఓడినవాడు రచ్చ ఓడతాడు' అన్న సూత్రం ప్రకారం ఇద్దరూ ఓడాలి. ఎవరో ఒకరు గెలవక తప్పదు కాబట్టి, ఒకరు గెలిచారు. గెలిచాక మనం ఓడినవాళ్ల ప్రైమరీ మాత్రమే గుర్తుపెట్టుకుని, అప్పుడే తెలిసిపోయింది అంటున్నాం.

న్యూ హాంప్‌షైర్ చూడండి. అక్కడ శాండర్స్‌కి 60 శాతం, హిల్లరీకి 38. విస్కాన్సిన్ కంటే ఘోరమైన ఓటమి. నవంబరులో ఆ రాష్ట్రాన్ని ఆమె గెలిచారు, 2,736 ఓట్లతోనే అయినా. ట్రంప్ అయోవాలో క్రూజ్ చేతిలో, ఒహాయోలో జాన్ కేసిక్ చేతిలో ఓడిపోయి, నవంబరులో రెండు రాష్ట్రాల్నీ సునాయాసంగా గెలిచారు.

మిషిగన్‌లో హిల్లరీ ఓటమికి అస్సలు అర్థం లేదని నేను అనట్లేదు. ఫ్యాక్టరీలున్న ఊళ్లల్లో ఆమె పట్ల ఉత్సాహం తక్కువగా ఉందన్న సంగతి అందులో ఉందేమో చూడాల్సిందే. అలా చూడాలంటే ఏ ఊరు, ఏ వయసువాళ్లు, ఎందుకు అని విడమర్చుకోవాలి. మొత్తం శాతం ఒక్కటి పట్టుకుంటే ఆ విషయం అందులో కనబడదు.

లీస్ట్ కౌంట్

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూగేజ్ ఇచ్చి, దీని లీస్ట్ కౌంట్ కంటే చిన్న తేడా చెప్పకూడదు అని బుర్రకెక్కేదాకా చెప్పారు. ఎన్నికల వార్తలు చదివేటప్పుడు అది మర్చిపోతాం.

2012లో అయోవా రిపబ్లికన్ కాకస్ జరిగిన రాత్రి మిట్ రామ్నీ 8 ఓట్ల తేడాతో గెలిచారని ప్రకటించారు. లక్షా ఇరవై వేల మంది ఓటేసిన చోట 8 ఓట్లు. రెండు వారాల తర్వాత సర్టిఫై చేసిన లెక్క వచ్చింది. రిక్ శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నారు. పైగా ఎనిమిది పోలింగ్ కేంద్రాల లెక్క దొరకనే లేదు. అప్పటికి న్యూ హాంప్‌షైర్ కూడా అయిపోయింది. 'రామ్నీ రెండుకి రెండు గెలిచాడు' అన్న వార్త ఊరంతా తిరిగేసింది. అసలు గెలిచిందే తేలని చోట, గెలుపు తేడాని బట్టి అభ్యర్థి బలం చెప్పడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

మళ్లీ వైట్‌బోర్డు దగ్గరికి

ఇక నా లక్షన్నర ఓట్ల సంగతి. పందెం ఓడిన చాలా నెలల తర్వాత, అక్కతో వీడియో కాల్‌లో మాటల మధ్యలో ఈ లెక్క చెప్పాను. తను నవ్వి, "మా పక్కింటాయన హేలీకే వేశాడురా. ఎప్పట్నుంచో రిపబ్లికన్‌గా రిజిస్టర్ అయి ఉన్నాడు. కానీ 2020లోనే బైడెన్‌కి వేశానని నాతో చెప్పాడు" అంది.

మెదడులో లైటు వెలిగినట్టయింది. పెన్సిల్వేనియాలో ప్రైమరీ ఓటు ఆ పార్టీలో రిజిస్టర్ అయినవాళ్లకే. పేరు పార్టీ పుస్తకంలో ఉన్నంతమాత్రాన మనసు ఆ పార్టీలో ఉందని కాదు. హేలీకి వేసిన లక్షన్నర మందిలో అక్క పక్కింటాయనలాంటివాళ్లు ఎంతమందైతే ఉన్నారో, వాళ్లని ట్రంప్ 2024లో కొత్తగా పోగొట్టుకోలేదు, 2020లోనే పోగొట్టుకున్నారు. 80 వేల మెజారిటీలో వాళ్ల లెక్క అప్పటికే కలిసి ఉంది. నేను వాళ్లని రెండోసారి తీసేశాను. ఇంజనీరింగ్ విద్యార్థి చెయ్యకూడని తప్పు, డబుల్ కౌంటింగ్.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. నేను ఒక్క రోగికే థర్మామీటరు పెట్టాను. ఆ ఫిబ్రవరిలోనే మిషిగన్ డెమొక్రటిక్ ప్రైమరీలో లక్షమందికి పైగా బైడెన్‌కి వెయ్యకుండా 'అన్‌కమిటెడ్' అన్న గడిలో ఓటేశారు. గాజా యుద్ధం మీద నిరసన అది. నవంబరుకి అభ్యర్థి మారినా, డెమొక్రాట్లు మిషిగన్‌ని 80 వేల తేడాతో పోగొట్టుకున్నారు. ఆ లక్షమందే కారణమని నేను అనట్లేదు, అంటే మళ్లీ అదే తప్పు చేసినట్టు. కానీ అటు అసంతృప్తిని బోర్డు మీద రాసి, ఇటు అసంతృప్తిని రాయకపోతే అది లెక్క కాదు, నాకు కావాల్సింది రాసుకోవడం. హెచ్1బీ మీదున్న అక్క గురించిన భయం నా చేత ఆ లెక్క అలా రాయించిందేమోనని ఇప్పుడనిపిస్తోంది.

కాబట్టి ముందున్న అభ్యర్థి బొటాబొటీగా గెలిచాడన్న వార్త కనబడితే ఇప్పుడు నేను ఇవి అడుగుతున్నాను. ఎంతమంది పోటీలో ఉన్నారు? ఆయన సిట్టింగా, ఖాళీ సీటుకి కొత్తా? ఆ ప్రైమరీలో ఎవరికి ఓటుంది, పార్టీలో రిజిస్టర్ అయినవాళ్లకేనా, అందరికీనా? ఓడినవాళ్లకి వేసినవాళ్లు పోయిన నవంబరులో ఎటు వేశారు, వచ్చే నవంబరులో వాళ్లకి ఇంకో దారుందా? ఎదుటి ఇంట్లో పరిస్థితేంటి? వీటన్నిటికీ జవాబులొచ్చాక కూడా 'బలహీనం' అనిపిస్తే అప్పుడు అనొచ్చు. సిట్టింగ్ నాయకుడికి ఇంట్లోనే ఎదురుతిరిగారంటే కొంచెం ఎక్కువ భయపడొచ్చు. మిగతా సందర్భాల్లో తక్కువ తేడా గెలుపు మనకి చెప్పేది ఒక్కటే: ఆ రోజు ఆ పార్టీలో జనానికి నచ్చినవాళ్లు ఒకరి కంటే ఎక్కువమంది ఉన్నారని.

ఈ ఏడాది నవంబరులో అక్కడ మిడ్‌టర్మ్ ఎన్నికలు. ప్రైమరీల కాలం. మొన్న ఒక జూనియర్ రూమ్‌కొచ్చి, "అన్నా, ఫలానా ఆయన రెండు శాతంతోనే గెలిచాడంట. నవంబరులో కష్టమే కదా?" అని అడిగాడు. మార్కర్ చేతికిచ్చి, "ముందు ఎంతమంది నిలబడ్డారో రాయి తమ్ముడూ" అన్నాను. వాడు బోర్డు తుడవబోతే మాత్రం ఆపాను. ఈసారి దాని మీద బాకీల లిస్టు ఉంది. అందులో నాకు రావాల్సినవి కూడా ఉన్నాయి.